నాపా లోయ: ఇళ్ళ నుంచి దక్కిన నేలను తీగల నుంచి దక్కించుకోవడం

కాలిఫోర్నియాలో శాన్ హోసే చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బ్లాసమ్ హిల్ రోడ్ బాగా తెలిసిన దారి. ఆ పేరులోని పూలు ఒకప్పటి పండ్ల తోటలవి. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అని పిలుస్తున్న శాంటా క్లారా లోయ, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి కనుచూపు మేరా ప్రూన్ (ఎండబెట్టి తినే ఆల్‌బుఖారా జాతి పండు), ఆప్రికాట్, చెర్రీ చెట్లతో నిండి ఉండేది. 1950లో ఆ కౌంటీ (మన జిల్లా వంటిది) జనాభా 2.9 లక్షలు, 1970 నాటికి పది లక్షలు దాటింది. ఆ ఇరవై ఏళ్ళలో అమెరికాలోని మంచి సాగునేలల్లో ఒకటి కాంక్రీటు కిందికి వెళ్ళిపోయింది. అందులో దుర్మార్గులెవరూ లేరు. ఒక్కొక్క రైతు తన పదెకరాలు, ఇరవై ఎకరాలు మంచి ధరకు అమ్ముకున్నాడు, అంతే.

అక్కడి నుంచి ఉత్తరానికి రెండు గంటలు ప్రయాణిస్తే నాపా లోయ వస్తుంది. 1960ల నడుమ దాని పరిస్థితీ ఇంచుమించు అదే. ఇవాళ నాపా అనగానే వైన్ తప్ప మరొకటి గుర్తు రాదు గాని, అప్పట్లో అక్కడ ప్రూన్ తోటలు, అక్రోటు చెట్లు, పశువుల మేత భూములు విస్తారంగా ఉండేవి. 1920లో మొదలై 1933 దాకా సాగిన మద్యనిషేధం దెబ్బ నుంచి వైన్ వ్యాపారం పూర్తిగా తేరుకోలేదు. శాన్ ఫ్రాన్సిస్కో వైపు నుంచి ఇళ్ళు పాకుతూ వస్తున్నాయి. లోయ నడుమ నుంచి పెద్ద ఫ్రీవే వేయాలన్న ఆలోచన కూడా ప్రభుత్వ కాగితాల్లో ఉంది. అయినా ఆ తరువాతి అర్ధ శతాబ్దంలో నాపా మరో శాంటా క్లారా కాలేదు. 1970లో దాదాపు 79 వేలున్న కౌంటీ జనాభా 2020 జనగణనలో 1.38 లక్షల దగ్గర ఆగింది. నాపా పట్టణం దాటి 29వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి వెళ్తుంటే పట్టణం ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోయి, ద్రాక్ష వరుసలు మొదలవుతాయి. మన ఊళ్ళ శివార్లలో కనిపించే ప్లాట్ల హద్దురాళ్ళు, వెంచర్ల కమానులు, అమ్మకపు బోర్డులు ఆ నడుమ ఎక్కడా ఉండవు.

ఇది ఎలా సాధ్యమైందన్నది ఈ వ్యాసంలో సగం. మిగతా సగం కొంచెం చిక్కైనది. సాగునేలను కాపాడటమూ, అడవినీ వాగునూ అందులో బతికే ప్రాణులనూ కాపాడటమూ ఒకే పని అని మనం అనుకుంటాం. వాటిని ఒకే మాటతో పిలుస్తాం కూడా. నాపా అనుభవం చూస్తే అవి రెండు వేర్వేరు పనులనీ, మొదటిది బాగా చేసినందువల్లనే రెండోది కష్టమైన సందర్భాలు ఉన్నాయనీ తెలుస్తుంది.

ముందు పన్ను సంగతి తెలియాలి, ఎందుకంటే కథ అక్కడే మొదలైంది. ఆస్తిపన్నును భూమి ఇస్తున్న పంటను బట్టి కాక, దానికి మార్కెట్లో పలికే ధరను బట్టి వేయడం అప్పటి కాలిఫోర్నియా పద్ధతి. పక్క పొలంలో ఇళ్ళు లేస్తే మీ పొలానికీ ఇళ్ళ స్థలం ధర వస్తుంది, ధరతో పాటు పన్నూ పెరుగుతుంది. ప్రూన్లు అమ్మి ఆ పన్ను కట్టడం కుదరదు. అమ్మే ఉద్దేశం లేని రైతు కూడా చివరికి అమ్ముకోక తప్పదు; అతను అమ్మగానే వంతు అతని పక్కవాడిది. ఈ గొలుసును తెంచడానికి రాష్ట్రం 1965లో విలియమ్సన్ చట్టం తెచ్చింది. పదేళ్ళ పాటు ఈ భూమిని వ్యవసాయానికే ఉంచుతానని రైతు కౌంటీతో ఒప్పందం రాసుకుంటే, పన్నును సాగు ఆదాయం లెక్కన వేస్తారు. ఆ పదేళ్ళ గడువు ప్రతి ఏడాదీ మరో ఏడాది ముందుకు జరుగుతూ పోతుంది. బయటికి రావాలనుకుంటే ముందు నోటీసు ఇచ్చి, మిగిలిన ఏళ్ళు గడిచేదాకా ఆగాలి. మంచి ఏర్పాటే, కానీ ఇష్టమున్నవాళ్ళే ఇందులో చేరతారు. అందరూ చేరితే తప్ప లోయ నిలవదు, నడుమ ఒక్కరు అమ్ముకున్నా ఇళ్ళు లోపలికి వచ్చేస్తాయి.

అందుకే నాపా కౌంటీ 1968 ఏప్రిల్‌లో మరో అడుగు ముందుకు వేసింది. లోయ అడుగున ఉన్న సుమారు 23 వేల ఎకరాలను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అందులో ఏ కమతాన్నీ 20 ఎకరాల కంటే చిన్న ముక్కలుగా విడగొట్టకూడదని శాసించింది. ఈ తరహా శాసనం అమెరికాలో అదే మొదటిదని చెబుతారు. ఆ 20 ఎకరాల పరిమితి 1979లో 40 అయింది. రక్షిత ప్రాంతం విస్తీర్ణం కూడా తరువాతి దశాబ్దాల్లో 30 వేల ఎకరాలు దాటింది. కమతం కనీస విస్తీర్ణం అనే ఈ చిన్న నిబంధనలోనే కిటుకు ఉంది. ఇల్లు కట్టవద్దని అది ఎవరికీ చెప్పదు. ఒక్క ఇంటి కోసం 40 ఎకరాలు కొనాల్సి వస్తే మాత్రం ఇళ్ళ వ్యాపారికి అందులో లాభం మిగలదు. వ్యాపారి తప్పుకుంటే భూమి ధర మళ్ళీ పంట చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

అప్పట్లో దీన్ని అందరూ హర్షించారనుకుంటే పొరపాటు. ష్రామ్స్‌బర్గ్ అనే వైనరీని, అంటే వైన్ తయారీ కేంద్రాన్ని, మళ్ళీ నిలబెట్టిన జాక్ డేవీస్ వంటివారు శాసనం కోసం పట్టుబట్టారు. లోయలో పాత పేరున్న ఇంగిల్‌నుక్ వైనరీ కుటుంబానికి చెందిన జాన్ డేనియల్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. వ్యతిరేకించిన వాళ్ళ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. రైతుకు ఉద్యోగ విరమణ పింఛను ఉండదు; ముసలితనంలో ఆదుకునేది ఆ పొలమే. ఆడపిల్ల పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో రెండెకరాలు అమ్ముకునే మన రైతుకు, ఇకపై ముక్కగా అమ్మడానికి వీల్లేదని జిల్లా కార్యాలయం చెబితే ఎలా ఉంటుందో ఊహించండి. పైగా నష్టపరిహారం ఏమీ లేదు. తరువాతి కాలంలో ద్రాక్ష ధర ఆకాశానికి పోయింది కాబట్టి ఆ రైతుల వారసులు మిగతా అందరికంటే సంపన్నులయ్యారు గాని, 1968లో ఆ సంగతి ముందే తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. శాసనం చేసినవాళ్ళది దూరదృష్టి అని ఇవాళ పొగుడుతున్నాం. అందులో అదృష్టం పాలు కూడా తక్కువ కాదని నా అభిప్రాయం.

ఆ అదృష్టం 1976లో పారిస్ నుంచి వచ్చింది. ఫ్రెంచి నిపుణులు పేర్లు చూడకుండా రుచి చూసిన పోటీలో నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వారి 1973 నాటి కాబర్నే ఎర్ర వైన్లలో, షాటో మాంటెలీనా వారి 1973 నాటి షార్డనే తెల్ల వైన్లలో మొదటి స్థానాల్లో నిలిచాయి. అక్కడి నుంచి లోయ దశ తిరిగింది. 2022 నాటికి నాపా కాబర్నే సోవిన్యాన్ ద్రాక్ష టన్ను సగటు ధర 8 వేల డాలర్లు దాటింది. కాలిఫోర్నియా మొత్తం ద్రాక్ష సగటుతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. కాలిఫోర్నియా వైన్‌లో నాపా వాటా పరిమాణంలో సుమారు 4 శాతమే, పేరులో మాత్రం మొదటి స్థానం.

అయితే ఈ శాసనం చేసింది కౌంటీని పాలించే ఐదుగురు సభ్యుల బోర్డు. ఒక బోర్డు చేసిన శాసనాన్ని మరో బోర్డు మార్చవచ్చు. ముగ్గురు సభ్యుల మెజారిటీ చాలు. ఈ భయంతోనే 1990లో కౌంటీ ఓటర్లు మెజర్ జె అనే ప్రతిపాదనను ఆమోదించారు. దాని సారాంశం సూటిగా ఉంది: వ్యవసాయ భూమిగా, బహిరంగ ప్రదేశంగా గుర్తించిన నేలను మరో ఉపయోగానికి మార్చాలంటే, కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప, బోర్డు నిర్ణయం ఒక్కటే సరిపోదు, ప్రజల ఓటు కావాలి. దీన్ని కోర్టులో సవాలు చేస్తే 1995లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఓటర్ల పక్షానే తీర్పు చెప్పింది. మొదట 30 ఏళ్ళకు పెట్టిన ఈ తాళాన్ని 2008లో మెజర్ పి ద్వారా 2058 దాకా పొడిగించారు.

ఈ తేడా మనకు అర్థం కావడానికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌కు తాగునీరిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చిలో 111వ నంబరు జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలనీలు, పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు రాకుండా అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన 69వ నంబరు జీవో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు వేరే చర్చ. ఒక సంతకం పెట్టిన అడ్డుకట్టను మరో సంతకం తీసేయగలదన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. హైదరాబాద్ శివార్లలో ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళకు ఆపాటి అడ్డుకట్టయినా లేదు. ఆ పందిళ్ళున్న ఊళ్ళ పేర్లు ఇప్పుడు అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో కనిపిస్తాయి.

ఓటర్లు వేసిన తాళం కంటే గట్టిది మరొకటి ఉంది, దాన్ని పరిరక్షణ ఈజ్‌మెంట్ అంటారు. భూమి యాజమాన్యం అంటే ఒకే హక్కు కాదు, హక్కుల మోపు: దున్నుకునే హక్కు, నీరు తోడుకునే హక్కు, అమ్ముకునే హక్కు, విడగొట్టి ఇళ్ళు కట్టే హక్కు. ఈ చివరి హక్కును మాత్రం యజమాని మోపులోంచి తీసి, ఒక ట్రస్టుకు శాశ్వతంగా రాసిచ్చేస్తాడు. భూమి అతనిదే, పంటా అతనిదే, వారసులకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కొన్నవాడు మాత్రం ఆ రాతకు కట్టుబడాలి. బదులుగా వదులుకున్న హక్కు విలువ మేరకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది, కొన్నిసార్లు ట్రస్టే కొంత సొమ్ము చెల్లిస్తుంది. 1976లో ఏర్పడిన నాపా కౌంటీ ల్యాండ్ ట్రస్టు ఈ పద్ధతిలోనూ, నేరుగా కొనుగోలు చేసీ ఇప్పటిదాకా 80 వేల ఎకరాలకు పైగా భూమిని కాపాడింది. ఈ ఒప్పందాలను కాగితంతో వదిలేయరు. ట్రస్టు మనుషులు ఏటా ప్రతి భూమికీ వెళ్ళి, హద్దులు నడిచి, కొత్త రోడ్డో షెడ్డో లేచిందేమో చూసి రాసుకుంటారు. ఏటేటా ఖర్చయ్యే పని అది. ఎవరికీ కనిపించని పని కూడా.

ఇంతవరకు చెప్పింది నేలను ఇళ్ళ నుంచి కాపాడిన కథ. ఇక రెండో సగం.

లోయ అడుగు సారవంతమైనది, చదునైనది, కానీ చాలా చిన్నది. ధర పెరిగేకొద్దీ ద్రాక్షకు కొత్త చోటు కావలసి వచ్చింది. అడుగున చోటు లేదు, కనుక తీగ కొండెక్కింది. కొండవాలు తోటల ద్రాక్షకు ప్రత్యేకమైన రుచి ఉంటుందన్న పేరు తోడయింది. కొండల మీద ఉన్నది బీడు కాదు. ఓక్ చెట్ల అడవి, చాపరాల్ అనే దట్టమైన పొదల అడవి, వాటి నడుమ నుంచి దిగే వాగులు. వ్యవసాయాన్ని కాపాడటానికి చేసిన శాసనం దృష్టిలో చెట్లు కొట్టి ద్రాక్ష నాటడం తప్పు కాదు, అదీ వ్యవసాయమే! ఇళ్ళ వ్యాపారిని లోయ బయట నిలబెట్టిన చట్టమే తోట యజమానిని కొండ మీదికి దర్జాగా పంపింది.

ఈ వైరుధ్యం 1989లో బురద రూపంలో బయటపడింది. సెయింట్ హెలీనా పట్టణానికి తాగునీరిచ్చే బెల్ కాన్యన్ జలాశయం పైన ఒక వాలులో కొత్త తోట కోసం నేల చదును చేశారు. పెద్ద వాన కురిసింది. పొదల వేర్లు పట్టి ఉంచిన మట్టి కాస్తా కొట్టుకొచ్చి జలాశయంలో పడింది. పట్టణం కుళాయిల్లోకి వచ్చే నీటి ప్రశ్న అయింది కాబట్టి మాటలు చేతల్లోకి వచ్చాయి. 1991లో కౌంటీ కొండవాలు నిబంధనలు తెచ్చింది. వాలు 5 శాతం దాటితే మట్టి కోతను ఎలా ఆపుతారో ప్రణాళిక ఇచ్చి అనుమతి పొందాలి; 30 శాతం దాటిన వాలులో ప్రత్యేక అనుమతి లేకుండా తోట వేయనే కూడదు. కొండ ప్రాంతంలో కమతం కనీస విస్తీర్ణాన్ని ఆ దశాబ్దంలోనే 160 ఎకరాలకు పెంచారు.

ఈ నిబంధనలు మట్టిని చాలావరకు ఆపాయి, చెట్టును మాత్రం ఆపలేదు. తీగ వరుసల నడుమ గడ్డి పెంచి, కాలువలు కట్టి, బురద గుంటలు తవ్వితే మట్టి కిందికి రాదు. ప్రణాళిక ఆమోదం పొందుతుంది. ఆ ప్రణాళికతోనే వందేళ్ళ నాటి ఓక్ చెట్లు నేలకూలవచ్చు. ఓక్ చెట్టు ఒకటి కొట్టి మూడు మొక్కలు నాటితే లెక్క సరిపోయిందనుకునేవారు ఆ చెట్టు కిందికి వెళ్ళి ఒకసారి చూడాలి. తొర్రల్లో గుడ్లగూబలూ వడ్రంగి పిట్టలూ ఉంటాయి. బెరడు సందుల్లో పిట్టలు దాచుకున్న ఓక్ కాయలుంటాయి. రాలిన ఆకు కింద తేమ వేసవి మొదలయ్యేదాకా నిలుస్తుంది. వేలెడంత మొక్క ఆ పని చేయడానికి మూడు తరాలు పడుతుంది.

2018 జూన్‌లో ఈ గొడవ ఓటింగ్ దాకా వెళ్ళింది. మెజర్ సి అనే ప్రతిపాదన ప్రకారం కొండ ప్రాంతంలో మరో 795 ఎకరాల ఓక్ అడవి మాత్రమే తోటలకు పోవచ్చు; ఆ పైన ఒక్క ఎకరం కొట్టాలన్నా కఠినమైన అనుమతి కావాలి, వాగుల ఒడ్డున వదలాల్సిన వెడల్పు పెరుగుతుంది. ముసాయిదా దశలో కలిసి పనిచేసిన వైన్ తయారీదార్ల సంఘం తరువాత వెనక్కి తగ్గింది. రైతు సంఘాలు వ్యతిరేకించాయి. వైన్ వ్యాపారులలోనే కొందరు సమర్థించారు. ద్రాక్ష నాటడం కష్టమైతే కొండ భూముల యజమానులు విలాస భవనాల వైపు మళ్ళుతారని వ్యతిరేకుల వాదన. తాగే నీరు వచ్చేది ఆ అడవి నుంచేనని సమర్థకుల వాదన. దాదాపు 36 వేల ఓట్లు పోలైతే సుమారు 640 ఓట్ల తేడాతో అది ఓడిపోయింది. అంత దగ్గరగా ఓడటంతో బోర్డు ఊరుకోలేకపోయింది. మరుసటి ఏడాది తెచ్చిన సవరణల్లో, కొండ కమతాల మీద చెట్ల నీడలో 70 శాతం, పొదల్లో 40 శాతం తప్పక నిలపాలనీ, కొట్టిన ప్రతి ఎకరానికీ మూడెకరాల చొప్పున నష్టాన్ని పూడ్చాలనీ రాశారు. 1968లో ఊరికీ పొలానికీ నడుమ గీసిన గీత ఇప్పుడు పొలానికీ అడవికీ నడుమ రెండోసారి గీయవలసి వచ్చిందన్నమాట. మొదటి గీత గీసినప్పుడు రైతుకు అటువైపు నిలబడినది బయటి వ్యాపారి. రెండో గీతలో రైతుకు ఎదురుగా నిలబడినది పక్కింటి రైతే. అందుకే రెండోది ఇంత కష్టమైంది.

కొండ నుంచి నదికి దిగుదాం, అసలు పాఠం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. నాపా నది పొడవు సుమారు 55 మైళ్ళు. శాన్ పాబ్లో అఖాతంలో కలుస్తుంది. గత శతాబ్దంలో దాని ఉపనదుల మీద తాగునీటి కోసం ఆనకట్టలు కట్టారు, అందులో పెద్దది 1940లలో కట్టిన కాన్ డ్యామ్. ఇసుక, గులకరాళ్ళు ఆనకట్టల వెనుక ఆగిపోయాయి. మోయడానికి ఏమీ లేని నీరు తన అడుగునే కోసుకుంటుంది. ఇటు తోటలు ఒడ్డు అంచు దాకా వచ్చాయి. వరద రాకుండా కరకట్టలు వేశారు. ఇరుకైన దారిలో నీటి వేగం మరింత పెరిగింది. ఫలితంగా నది లోతుకు దిగిపోయి, ఒడ్లు నిట్టనిలువు మట్టిగోడలయ్యాయి. ప్రతి వానాకాలం ఆ గోడ కొంత విరిగి పడేది, దానితోపాటు అంచున ఉన్న తీగల వరుస కూడా. పడిన సన్నమట్టి గులకరాళ్ళ సందుల్ని పూడ్చేస్తే, ఆ సందుల్లో గుడ్లు పెట్టే స్టీల్‌హెడ్, చినూక్ సాల్మన్ చేపలకు చోటు లేకుండా పోయింది.

దీనికి ఇంకో ముడి ఉంది. ఒడ్డున చెట్లూ పొదలూ ఉంటే మట్టి నిలుస్తుంది కదా, రైతులు ఎందుకు కొట్టేశారు? పియర్స్ వ్యాధి అనే తెగులు ద్రాక్ష తీగను ఒకటి రెండేళ్ళలో ఎండగొడుతుంది. ఆ బాక్టీరియాను మోసుకొచ్చే చిన్న పురుగు నది ఒడ్డు పొదల్లోనే పెరుగుతుంది. నదికి దగ్గరున్న వరుసలే ముందు ఎండిపోవడం కళ్ళారా చూసిన రైతు ఒడ్డు మొత్తం నున్నగా గొరిగేయడంలో వింత లేదు. తరువాత పరిశోధకులు తేల్చిన సంగతి ఏమిటంటే, ఆ పురుగుకు అన్ని మొక్కలూ పనికిరావు. బయటి నుంచి వచ్చి అల్లుకుపోయిన హిమాలయన్ బ్లాక్‌బెర్రీ, వింకా తీగ, ఇక్కడిదే అయిన అడవి ద్రాక్ష వంటి కొన్ని మొక్కల మీదే అది బాగా వృద్ధి అవుతుంది. వాటిని ఏరి తీసేసి, పురుగుకు ఇష్టం లేని స్థానిక చెట్లు నాటితే ఒడ్డూ నిలుస్తుంది, తెగులూ తగ్గుతుంది. అడవికీ తోటకూ నడుమ యుద్ధం అనుకున్నది, ఏ మొక్క అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలావరకు చల్లబడింది.

లోయ నడుమ ఉన్న రదర్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర నాలుగున్నర మైళ్ళ నది పొడవునా జరిగిన పని ఈ అవగాహన మీదే సాగింది. అక్కడి తోటల యజమానుల సంఘం 2002 ప్రాంతంలో ముందుకొచ్చింది. 2009లో యంత్రాలు దిగాయి. నిలువు ఒడ్డును వెనక్కి జరిపి, మెట్లు మెట్లుగా వాలు చేసి, వరద వచ్చినప్పుడు నీరు నిదానంగా పరుచుకోవడానికి పక్క కాలువలు తవ్వారు; చేపలు ఆగడానికి చెట్ల మొద్దులు నదిలో పాతారు. ఒడ్డు వెనక్కి జరగాలంటే భూమి కావాలి. ఎకరం లక్షల డాలర్లు పలికే ఆ నేలను యజమానులు తమంతట తాము వదులుకున్నారు, కాస్తున్న తీగల వరుసలను పీకి మరీ. పుణ్యం కోసం చేశారనుకోనక్కర్లేదు: ఎలాగూ ఏటా నదిలో పడుతున్న వరుసలవి, పైగా వ్యాధి బాధ తగ్గుతుంది, ప్రభుత్వ నిధులూ వచ్చాయి. సొంత లాభం, నది మేలు ఒకే దారిలో నడిచిన అరుదైన చోటు అది. ఇలాంటి చోటు వెతికి పట్టుకోవడమే ఈ రంగంలో అసలైన నైపుణ్యం. దొరకని చోట నిబంధన తప్ప దారి లేదు. 2017లో ప్రాంతీయ నీటి బోర్డు 5 ఎకరాలు దాటిన తోటలకు మట్టి, ఎరువుల నీరు నదిలోకి వదలకుండా అనుమతి పద్ధతి పెట్టింది అందుకే.

చిన్న ఎత్తున జరిగే పనులూ ఉన్నాయి. తోటల నడుమ గుంజల మీద చెక్క పెట్టెలు కనిపిస్తాయి, కొత్తవాళ్ళు తేనెపెట్టెలనుకుంటారు. అవి చంద్రముఖ గుడ్లగూబల గూళ్ళు. తీగ మొదళ్ళను కొరికే గోఫర్లనూ ఎలుకలనూ ఒక్క గుడ్లగూబ కుటుంబం ఒక కాలంలో వందల సంఖ్యలో తింటుంది. వాటిని అధ్యయనం చేసిన హంబోల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించింది ఏమిటంటే, ఈ పక్షులు పెట్టెను ఎంచుకునేటప్పుడు చుట్టూ గడ్డిభూమి, సహజమైన చెట్టూచేమా ఎంత ఉన్నాయో చూసుకుంటాయి. నాలుగు వైపులా తీగలే ఉన్న తోటలో పెట్టె ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ.

జింకలు రాకుండా వేసే ఎత్తైన కంచెలది మరో సమస్య. కమతం మొత్తానికీ కంచె వేస్తే, కొండకూ నదికీ నడుమ తిరిగే ప్యూమా అనే పెద్ద పిల్లికీ నక్కకీ దారి మూసుకుపోతుంది. ఒక్కొక్క తోట గడికి కంచె వేసి, వాగు పొడవునా దారి వదిలితే జంతువు వెళ్ళిపోతుంది. తేడా అల్లా కంచె పొడవు, దాని ఖర్చు.

వ్యవసాయం అనే మాటకు నిర్వచనం ఏమిటన్నది నాపాలో ఆగని తగాదా. ద్రాక్ష పెంచడం వ్యవసాయమే, అనుమానం లేదు. పిండి వైన్ చేయడం? సీసాలో పోసి అమ్మడం? అతిథులకు రుచి చూపించి, పక్కన భోజనం వడ్డించి, పెళ్ళి కూడా చేయించడం? 1990లో వైనరీ అంటే ఏమిటో కౌంటీ శాసనం చేసింది: కొత్త వైనరీకి కనీసం 10 ఎకరాలు కావాలి, వాడే ద్రాక్షలో 75 శాతం నాపా కౌంటీదే అయి ఉండాలి, సందర్శకులు ముందుగా సమయం తీసుకునే రావాలి. చిన్న వైనరీలకు దుకాణదారులతో బేరం కుదరదు కాబట్టి వచ్చినవారికి నేరుగా అమ్ముకోవడమే బతుకుతెరువు. అలా వచ్చే కార్లతో రోడ్లు నిండి, పార్కింగ్ కోసం తీగలు పోతున్నాయన్నది పొరుగువారి ఫిర్యాదు. ఇద్దరూ తాము కాపాడేది వ్యవసాయాన్నే అంటారు, నిజంగానే అనుకుంటారు కూడా.

భూమిని ఇంత గట్టిగా పట్టుకుంటే ఇళ్ళ అవసరం ఎటు పోయింది? పక్క కౌంటీకి. తోటల్లో, హోటళ్ళలో పనిచేసేవారిలో చాలామంది సోలానో కౌంటీలోని వల్లేహో, ఫెయిర్‌ఫీల్డ్ వంటి ఊళ్ళ నుంచి రోజూ వచ్చిపోతారు. ఒంటరిగా వచ్చే కోత కూలీల కోసం కౌంటీ మూడు వసతి గృహాలు నడుపుతోంది, అన్నిటిలో కలిపి 180 పడకలు. 2002 నుంచి తోటల యజమానులు ఎకరానికింత చొప్పున తమ మీద తామే పన్ను వేసుకుని వాటికి సాయపడుతున్నారు. ఇది చెప్పుకోదగ్గ పనే. అయితే కుటుంబంతో ఉండేవారికి ఆ పడకలు సరిపోవు. నాపా తోటల అందం చూసి మురిసే వ్యాసాల్లో ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

2017లోనూ 2020లోనూ వచ్చిన కార్చిచ్చులు లెక్కలన్నిటినీ కదిలించాయి. చెట్లు కాపాడండి అన్నవారికి ఎండిన పొదలే ఇంధనమని ఎదురు సమాధానం వచ్చింది; నీరు పెట్టిన తోటల దగ్గర మంట నెమ్మదించిన చోట్లు ఉన్నాయి కాబట్టి కొండ మీద మరిన్ని తోటలు కావాలన్న వాదనకు బలం వచ్చింది. 2020లో పొగ వాసన పట్టిన ద్రాక్షను కోయకుండానే వదిలేసినవారూ ఉన్నారు. అప్పటి నుంచి మేకలతో, గొర్రెలతో పొదలు మేపించడం, అదుపులో మంట పెట్టి అడుగు చెత్తను కాల్చడం పెరిగాయి. అడవిని ముట్టుకోకుండా వదిలేస్తే చాలు అదే ఉంటుందనే పాత నమ్మకం ఇక్కడ నిలబడలేదు.

ఇప్పుడు కమ్ముకుంటున్న మబ్బు వేరు. వైన్ తాగేవారు తగ్గుతున్నారు. 2024 నుంచి కాలిఫోర్నియా అంతటా తోటలు పీకేస్తున్నారు, కొన్నిచోట్ల పండిన ద్రాక్షను తీగ మీదే వదిలేస్తున్నారు. నాపాకూ ఆ సెగ తగిలింది. 1968 నాటి శాసనం ద్రాక్ష అని రాయలేదు, వ్యవసాయం అని రాసింది. తీగ పోయినా నేల సాగునేలగానే ఉంటుంది, కనీసం 2058 దాకా. కానీ ఎకరం లక్షల డాలర్లు పెట్టి కొన్న నేలలో ప్రూన్ మొక్క నాటితే వడ్డీ కూడా రాదు. ఇంతకాలం ఈ రక్షణలన్నిటికీ అయిన ఖర్చును ద్రాక్ష ధరే మోసింది. రదర్‌ఫర్డ్ దగ్గర నది ఒడ్డుకు భూమి వదులుకున్న యజమానులు దాని నిర్వహణకు ఏటా చందా కూడా కడుతున్నారు. ఆ సొమ్ముతోనే వరదల నివారణ చూసే కౌంటీ సంస్థ సిబ్బంది ప్రతి ఏడాదీ నది పొడవునా నడిచి, కోసుకుపోయిన గట్టునూ మళ్ళీ మొలిచిన బ్లాక్‌బెర్రీ పొదనూ రాసుకుని వస్తారు. తీగ పీకేసిన కమతాల నుంచి ఆ చందా ఎన్నేళ్ళు వస్తుందో ఇప్పుడు ఆ ఒడ్డున అందరూ వేసుకుంటున్న లెక్క.